మఠానికి చేరే గుడ్లు, తోటకు చేరని వాన

శ్రీయుత దోన్ ఫెర్మీన్ ఒర్దోన్యెస్ గారి సముఖమునకు,
ఉత్సవములు, ఊరేగింపుల అధికారి, పట్టణ సభ, తొర్రెమారిన్.

అర్జీదారు: బల్దోమెరో లుసేనా, కూరగాయల రైతు, ఇసుక దిబ్బల వెనుక తోటలు.

విషయం: వాన కోసం త్రిత్వ దేవాలయపు సిలువస్వామిని ఊరేగించుటకు అనుమతి కోరుట, మరియు సాంతా క్లారా మఠము వారు పుచ్చుకొను కోడిగుడ్లకు ఒక హద్దు విధించుట గురించి.

అయ్యా,

పై విషయమై నేను ఇదివరకు పెట్టుకొన్న అర్జీకి "పరిశీలనలో ఉన్నది" అని జవాబు వచ్చినది. పరిశీలనలో ఉన్నంతకాలం తోట ఎండకుండా చూసే ఏర్పాటు తమ కార్యాలయంలో లేనందున ఈ రెండవ అర్జీ దాఖలు చేసుకొనుచున్నాను.

1. మా తోటలు ఇసుకలో ఉన్నవి. ఇసుక కింద మంచినీళ్ళు, మంచినీళ్ళ కింద సముద్రం. వానలు పడినంతకాలం పై నీళ్ళు కింది నీళ్ళను అణచి ఉంచుతాయి. పడకపోతే ఉప్పు పైకి వస్తుంది. వసంతం నుంచి చుక్క పడలేదు, ఇప్పుడు నవంబరు. మొన్న మా బావి నీళ్ళతో శనగలు ఉడికిస్తే ఉప్పు వేసే పని లేకపోయింది. మా ఆవిడ దాన్ని పొదుపు అంటోంది, నేను ప్రళయం అంటున్నాను. ఆర్టిచోక్ మొక్కల ఆకులు అంచుల దగ్గర మాడిపోయాయి. క్రిస్మస్ లోపు వాన రాకపోతే మా తాత ఇసుక తవ్వి చేసిన తోటను సముద్రానికి అప్పగించి, నేను ఏ హోటల్లోనో పళ్ళాలు కడుక్కోవాలి. నాకు పళ్ళాలు కడగడం రాదు. కావాలంటే మా ఆవిడను విచారించవచ్చు.

2. సాంతా క్లారా మఠంలోని కన్యాస్త్రీలకు గుడ్లు సమర్పించనిదే ఈ ఊళ్ళో పెళ్ళి జరగదనీ, గుడ్లు అందితే మఠపు పునీత క్లారమ్మ దయతో పెళ్ళినాడు వాన పడదనీ తమకు తెలియనిది కాదు. నా పెళ్ళికీ ఇచ్చాం. ఆ ఎండకు మా మామగారు సొమ్మసిల్లి పడిపోయారు. ఆచారాన్ని నేను తప్పు పట్టడం లేదు. అయితే అప్పట్లో ఏడాదికి ఏవో నాలుగు పెళ్ళిళ్ళు. ఇప్పుడు మాద్రిద్ నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో జంటలు దిగుతున్నాయి. పెద్ద చర్చి మెట్ల మీద ఒక ఫొటో, కార్మెల్ మఠం తోరణం కింద ఒక ఫొటో, కప్పు కూలిన దొమినికన్ల మఠంలో ఎటో చూస్తున్నట్టు ఒక ఫొటో. ప్రతి శనివారం పెళ్ళే, ప్రతి పెళ్ళికీ గుడ్లే. ఒక పెళ్ళి మబ్బును తరిమేలోపే ఇంకో పెళ్ళి బుట్టతో తయారు. ఇక ఆ మబ్బు మాత్రం ఎప్పుడు రావాలి?

3. ఇందుపై నేను స్వయముగా మఠానికి వెళ్ళి విచారించితిని. తలుపు పక్క గోడలో, లోపలివాళ్ళు కనబడకుండా వస్తువులు ఇచ్చిపుచ్చుకునే తిరిగే చెక్కగూడు ఉంది కదా, దాని ముందు నిలబడి "మరియమ్మకు జయం" అన్నాను. లోపల్నుంచి సిస్టర్ తెక్లా పలికింది. ఆమె ముఖం నేనెన్నడూ చూడలేదు, దగ్గును బట్టి పోల్చుకుంటాను.

"ఎవరి పెళ్ళి నాయనా?"

"పెళ్ళి కాదమ్మా, చావు. నా తోటది. ఈ గుడ్లు తీసుకోవడం కొన్నాళ్ళు ఆపండి."

"ఆపితే మేం తినేదేంటి? బాదం కేకులు నీళ్ళతో చెయ్యమంటావా?"

"వాన లేకపోతే ఆ నీళ్ళు మాత్రం ఎక్కడివమ్మా?"

"చూడు బాబూ, మేం అడిగేది శనివారం ఒక్కపూటే. మిగతా ఆరు రోజులూ వానని ఎవరు పట్టుకున్నారో పోయి వాళ్ళనడుగు."

 ఈ మాటకు జవాబు తమ దగ్గర ఉంటే తెలియజేయగలరు. నేను తెచ్చిన గుడ్ల బుట్ట గూట్లో పెట్టి లోపలికి తిప్పి, "సరే, ఇవి పుచ్చుకుని వాన పడమని అడగండి" అన్నాను.

"మా క్లారమ్మ మబ్బు తీస్తుందే గానీ మబ్బు పెట్టదయ్యా. ఆవిడకా పని అలవాటు లేదు."

"అయితే నా గుడ్లు నాకిచ్చెయ్యండి."

గూడు తిరిగింది. బుట్టలో గుడ్లు లేవు, రెండు బాదం కేకులు ఉన్నవి. అవి చాలా బాగున్నవని కూడా విచారణలో తేలినది.

4. పెళ్ళివారికి ఆ గుడ్లు అమ్మేది మా ఆవిడ ఎన్కార్నే అని తమ గుమాస్తా ఎలాగూ చెబుతాడు కనుక నేనే చెబుతున్నాను. మఠం ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఇదేం పనే అంటే, "నీ తోట ఎండితే ఈ ఇల్లు నడిపేది నా కోళ్ళేగా!" అంది. నీ కోళ్ళ వల్లే తోట ఎండుతోందన్నాను. "ఓహో, నా కోళ్ళకి మంత్రాలు కూడా వచ్చన్నమాట! మరి నీకేం వచ్చు?" అంది. ఆనాటి నుంచి నా పళ్ళెంలో ఆమ్లెట్ కూడా లేదు. కరువులో అధికమాసం అంటే ఇదే.

5. సిలువస్వామి బయటికి వస్తే వాన వస్తుందని మా తోటల వాళ్ళ నమ్మకం. మోసే సంఘం వారికి శనివారమే తీరిక. శనివారం వీధిలో పెళ్ళివారుంటారనీ, వాన కోరే స్వామి, ఎండ కోరే పెళ్ళికూతురు ఎదురుపడితే గొడవ అవుతుందనీ తమ గుమాస్తా నోటిమాటగా చెప్పిన అభ్యంతరం. న్యాయమే. కానీ ఈ శనివారం పెద్ద చర్చిలో జరిగేది తమ కుమార్తె చి.సౌ. నీవెస్ పెళ్ళి. అందుకే అర్జీ కదలడం లేదని బార్బరు షాపులో అనుకుంటున్నారు. నేను అనలేదు; గడ్డం మీద కత్తి ఉండగా ఏమీ అనలేక విన్నాను. తమ సతీమణి పంపిన గుడ్లు గూట్లో ఒక్కసారికి పట్టక విడతలు విడతలుగా తిప్పారని కూడా విన్నాను.

కావున (అ) ఈ శనివారమే ఊరేగింపునకు అనుమతి ఇప్పించవలెననియు, (ఆ) పెళ్ళికి డజను గుడ్లకు మించకుండా ఉత్తర్వు వేయవలెననియు, (ఇ) ఏదీ కుదరనిచో ఒక శనివారం ఎండకు, ఒక శనివారం వానకు వంతులైనా వేయవలెననియు ప్రార్థన. అయ్యా, నాకు భయంగా ఉంది. ఇలాంటి మాట అర్జీలో రాయకూడదని తెలుసు, అయినా రాస్తున్నాను. పొద్దున్నే లేచి బావి నీళ్ళు నాలుక మీద వేసుకునే ముందు మూడుసార్లు సిలువ గుర్తు వేసుకుంటున్నాను.

ఈ అర్జీని తమరు దయతో చిత్తగించి, పిమ్మట కిటికీ తీసి ఆకాశాన్ని కూడా ఒకసారి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బల్దోమెరో లుసేనా

తా.క. ఫెర్మీన్, పైదంతా ఆఫీసుకి. ఇది నీకు, బళ్ళో నీ పక్కన కూర్చున్నవాడు రాస్తున్నది.

ఈ కాగితం ఇవ్వడానికి వస్తూ మఠం దగ్గర ఆగాను. గూటి ముందు మీ నీవెస్ ఉంది. వాళ్ళమ్మ పంపిన ఆఖరి బుట్ట తెచ్చింది. వెనకాల నేనున్నట్టు చూసుకోలేదు. బుట్ట లోపలికి తిప్పి, "అమ్మా, ఇవి ఎండకి కాదు, వానకి" అంది.

సిస్టర్ తెక్లాకి దగ్గు తెర వచ్చింది. "పెళ్ళికూతురివి, నీకేమన్నా పిచ్చా? గౌను నాశనమైపోతుందే!"

"గౌను తడిస్తే ఆరుతుందమ్మా. నేను కాపురానికి వెళ్ళేది ఇసుక తోటకి. మా అత్తగారి బావి ఉప్పెక్కింది. అదెట్లా ఆరుతుంది?"

"మా క్లారమ్మకి వాన అలవాటు లేదు తల్లీ."

"అలవాటు చెయ్యండి."

వెనక్కి తిరిగి నన్ను చూసి బిత్తరపోయింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "బాబాయ్, నాన్నకి మాత్రం చెప్పకు. వారం నుంచీ రోజూ డాబా ఎక్కి ఆకాశం చూసుకుని మురిసిపోతున్నాడు" అంది.

చెప్పనని మాటిచ్చాను. చెప్పలేదు, రాశాను. (ఆ)ని కొట్టేశాను చూడు, గుడ్ల జోలికి ఇక రాను. నీ వియ్యంకుడు రూఫీనో తోట మా పక్కదే. వాళ్ళ నీళ్ళు నిన్న నేనే నాలుక మీద వేసుకుని చూశాను, మావాటికంటే ఉప్పన. సోమవారం నుంచి నీ కూతురు తాగబోయేది ఆ నీళ్ళే. సంతకం పెట్టరా.