తోమిన కాసు

ప్రొద్దుటూరు, శ్రావణ గురువారం

రేపు వరలక్ష్మి పూజకు తీసిన అత్తమ్మ బంగారు కాసులు రెండూ ఎర్రబారి ఉన్నాయి. పొద్దున ఒకదాన్ని కుంకుడు రసంతో, బ్రష్షుతో తళతళలాడేలా తోమాను. సన్నటి గీతలు పడ్డాయేమోనని అనుమానం వచ్చి, రెండోదాన్ని మెరుగు పెట్టే మస్తాన్ మామ అంగడికి తీసుకెళ్లాను.

మామ దాన్ని అంచులు పట్టుకుని పసిబిడ్డను చూసినట్టు చూశాడు. మంచినీళ్లలో ముంచి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దాడు. అంతే.

"ఎరుపు పోలేదు కదా మామా?"

"అది మురికి కాదమ్మా, దాని వయసు. తీసేది నాకు నిమిషం పని. మళ్లీ తెచ్చేది నాకు రాదు."

జీవితమంతా మెరుగు పెట్టి బతికిన మనిషికి, చెయ్యి ఎక్కడ ఆపాలో అంత బాగా తెలుసు! దండం పెట్టాలనిపించింది. "దీని జత యాడ?" అని అడిగితే మాత్రం ఇంట్లో ఉందన్నాను. అది నా సంచిలోనే ఉంది.

సాయంత్రం, మస్తాన్ మామ దగ్గరికి వెళ్లొచ్చానని చెప్పి రెండూ అత్తమ్మకిచ్చాను. ఎర్రదాన్ని కళ్లకద్దుకుంది. నేను తోమినదాన్ని తిప్పి తిప్పి చూసి నా చేతిలో పెట్టింది.

"ఇది మనది కాదమ్మా. మస్తాను కాడ మారిపోయినట్టుండాది. పొద్దున్నే పోయి అడుగు."

సరేనన్నాను. కాసును మళ్లీ నా సంచిలోనే వేసుకున్నాను.