పదో రోజు దాటాక పాడకూడని పాట

హాడో,
అండమాన్ దీవులు,
12 జూన్ 1974

ప్రియమైన గవరమ్మకు,

ఎండు నెత్తళ్ల మూట అందింది. మావారు రేవు ఆఫీసు నుంచి వస్తూ, మెట్ల దగ్గరే వాసన పట్టి, "మాయాబందర్ నుంచి మీ చెల్లెలు ఉత్తరం రాసినట్టుందే" అన్నారు. మీ ఊరి స్కూలు వదిలి నేనిక్కడికి వచ్చి మూడేళ్లయినా, పలక మీద నేర్చుకున్న అక్షరాలు నువ్వు మరిచిపోలేదు. ఇక్కడ నా క్లాసు పిల్లలు తెలుగు గడగడా మాట్లాడతారు, రాయమంటే మాత్రం కళ్లు తేలేస్తారు. నిన్ను చూపించి వాళ్లకు బుద్ధి చెప్పాలి.

ఒక సంగతి చెప్పాలి. కిందటి వారం ఒక సరుకు ఓడ వైర్‌లెస్ ఆపరేటర్ మావారికి గ్రామఫోన్ రికార్డు ఒకటి ఇచ్చి వెళ్లాడు. అమెరికాలో నల్లవాళ్ల పాటలట. బ్లూస్ అంటారట. పత్తి చేలల్లో బానిసలుగా చాకిరీ చేసినవాళ్ల మనవలు, మునిమనవలు కట్టుకున్నవి. అందులో ఒకావిడ గొంతు ఉంది. ఒక మాట అంటుంది, అదే మాట మళ్లీ అంటుంది, మూడోసారి దానికి తనే జవాబు చెప్పుకుంటుంది. ఇంగ్లీషు సగం అర్థం కాలేదు కానీ, నీ గుమ్మంలో కూర్చున్నట్టే అనిపించింది. నాలుగేళ్ల కిందట వానల్లో, అప్పలరాముణ్ని సముద్రం తీసుకుపోయి ఖాళీ డోంగీ పడవ ఒక్కటే దిబ్బకు కొట్టుకొచ్చిన రోజున, నువ్వు జుట్టు విరబోసుకుని రాగం తీసి ఏడ్చావు చూడు, అచ్చం అదే. నువ్వూ అలాగే ఒక మాట రెండుసార్లు అన్నావు.

"ఏ గుమ్మంలో కాళ్లు కడుక్కుంటన్నావు మావా" అన్న మాట గుర్తుంది. దాని తర్వాతది గుర్తు రావడం లేదు. రాసి పంపుతావా? ఊరికే, నా దగ్గర ఉంచుకోవడానికి.

నీ అక్క,
సారా

*

మాయాబందర్,
30 జూన్ 1974

ప్రేమగల సారా దీదీకి గవరమ్మ నమస్కారం.

ఇంకేదైనా అడిగి ఉంటే ఈ పాటికి ఓడ మీద వచ్చేసేది. అది మాత్రం అడగొద్దు. పదో రోజున సముద్రంలో తలస్నానం చేశాక ఆ శోకం మళ్లీ నోట పట్టకూడదు. ఎత్తితే ఇంకో చావును పిలిచినట్టే. మీ చర్చి పాటలు ఎన్నిసార్లయినా పాడుకోవచ్చు, మా పాటకు పదిరోజులే.

ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. జోగులు భయ్యా కాలు మళ్లీ వాచింది. మీకు తెలుసుగా, మా ఆయన కోసం వెతుకుతూ పగడపు రాళ్ల మధ్య దిగినప్పుడు కోసుకున్న కాలు. కాళమ్మ పసుపు కాచి కడుతోంది. వాళ్లింటి ముందు నుంచి నడవాలంటే నాకు మొహం చెల్లదు. ఆమెకు ఈ మొగుడి కాలొకటి, ఓడెక్కి వెళ్లి అయిదేళ్లయినా ఉత్తరం ముక్క రాయని కొడుకు బంగారురాజు ఒకడు. కొడుకు పేరు ఆమె నోట రాదు. ఎవరైనా అడిగితే వల బాగుచేసుకుంటూ కూర్చుంటుంది.

ఒకటి అడుగుతాను, చెప్పండి. ఆ రికార్డులో ఆమెకు పోయింది ఎవరు? మొగుడా, కొడుకా?

మీ చెల్లెలు,
గవరమ్మ

*

హాడో,
2 సెప్టెంబరు 1974

ప్రియమైన గవరమ్మకు,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. సిగ్గుతో తల ఎత్తలేకపోతున్నాను.

ఆ రికార్డు గురించి, నీ శోకం గురించి కలిపి ఒక వ్యాసం రాశాను. మనుషులు గుండె పగిలినప్పుడు దాన్ని పాటగా ఎలా కట్టుకుంటారన్నది విషయం. నువ్వు వద్దని రాసేసరికే అది విశాఖపట్నంలో ఒక పత్రికకు వెళ్లిపోయింది. వెనక్కి పంపమని రాయొచ్చు. రాయలేదు. నా పేరు అచ్చులో చూసుకోవాలన్న ఆశ గెలిచింది. ఇప్పుడు అచ్చయి వచ్చింది.

గుర్తు లేదంటూనే అంతా ఎలా రాసిందని అనుకుంటావు. ఆ రోజు నేను ఆడవాళ్ల వెనకాల గోడవారగా కూర్చున్నాను. చంకలో స్కూలు హాజరు పట్టీ ఉంది. దాన్ని కొంగు కింద పెట్టుకుని వెనక పేజీల్లో పెన్సిలుతో రాసుకున్నాను. అందరూ నీతో ఏడుస్తున్నారు, నేను రాసుకుంటున్నాను. పెన్సిలు మొన విరిగిందని ఆ ఒక్క మాట పోయింది. నిన్ను అడిగింది అందుకే.

అంతటితో ఆగినా బాగుండేది. నువ్వు ఆయన్ని తిట్టావు. "నీ మొకం మండ" అన్నావు. మొగుడు పోయినదాని నోట అది బాగుండదని "నా దొరా" అని మార్చాను. అదే వ్యాసంలో ఆ నల్లావిడ తిట్లను మాత్రం ఎంత నిజాయితీ అని మెచ్చుకున్నాను! "ఏ గుమ్మంలో" అన్న మాట మీద ఒక పేజీ రాశాను. సముద్రాన్ని సవతిగా ఊహించిందని, పెద్ద కవులకు కూడా తట్టని ఊహ అని. అప్పలరాముడి పేరూ, అతని చిరిగిన ఎడమ చెవీ అన్నీ ఉన్నాయి. నీ పేరు మాత్రం లేదు. "ఒక జాలరి స్త్రీ" అని రాశాను.

నువ్వు అడిగిన దానికి జవాబు. రికార్డులో ఆవిడకు ఎవరూ చనిపోలేదు. ఆమె మనిషి పొద్దున్నే రైలెక్కి వెళ్లిపోయాడు, అంతే. మామూలు రోజున ఇంటి మెట్టు మీద కూర్చుని, బతికున్నవాడి మీద ఏడుస్తోంది. వాళ్లకు దానికీ పాట ఉంది.

నన్ను తిట్టు, పడతాను.

సారా

*

మాయాబందర్,
24 సెప్టెంబరు 1974

సారా దీదీకి,

మీ ఉత్తరం కంటే మీ పత్రికే ముందు వచ్చింది. ఇక్కడి మీ పాత స్కూలు గణేశ్వరరావు మాస్టారు సంబరపడి, మన సారా టీచరు రాసిందని జెట్టీ మీద నిలబడి పైకి చదివాడు. ఆ నల్లవాళ్ల సంగతి చదువుతుంటే అందరూ బాగానే విన్నారు. తర్వాత నా శోకం మొదలుపెట్టాడు. దీదీ, అప్పటికి పడవలన్నీ నీళ్ల మీద ఉన్నాయి. కాళమ్మ చేపల తట్ట కింద పడేసి రెండు చెవులూ మూసుకుంది. "మగోళ్లంతా సముద్రం మీదుండగా ఈ శోకమేటి మాస్టారూ? బంద్ కరో! ముయ్యి ఆ పుస్తకం!" అని అరిచింది. పడవలన్నీ తిరిగొచ్చేదాకా మా కాలనీలో ఒక్క పొయ్యి వెలగలేదు. జోగులు భయ్యా డోంగీ ఆఖరున వచ్చింది. అప్పటిదాకా ఆడవాళ్లెవరూ నా వైపు చూడలేదు.

రాసుకున్నందుకు నాకు కోపం లేదనను, ఉంది. నా పక్కన కూర్చుని ఏడ్చారనుకున్నాను. మీ కళ్లు ఎర్రబడటం చూసి, ఈమె నా సొంత మనిషి అనుకున్నాను.

అది అలా ఉంచండి. ఆ పత్రిక ఎంత దూరం వెళుతుంది? భీమిలి వైపు పల్లెలకు వెళుతుందా? ఆయన పేరు ఎందుకు వేశారు? ఆ చెవి సంగతి ఎందుకు వేశారు?

కొన్నాళ్లు నాకు ఉత్తరాలు రాయకండి.

గవరమ్మ

*

హాడో,
3 డిసెంబరు 1974

ప్రియమైన గవరమ్మకు,

రాయొద్దన్నావు. కానీ ఇది రాయకుండా ఉండటం నా వల్ల కాదు. కూర్చుని చదువు. పక్కన ఎవరినైనా పెట్టుకో.

పత్రికవాళ్లు నాకొక ఉత్తరం పంపారు. భీమిలి దగ్గర ఒక పల్లెలో అప్పయ్య అనే పెద్దమనిషి రాసింది. వాళ్ల పల్లెలో వలలు అల్లే ఒకతను నాలుగేళ్ల కిందట అండమాన్ నుంచి వచ్చాడట. పేరు అప్పలరాముడు. ఎడమ చెవి తమ్మె చిరిగి ఉంటుందట. అరుగు మీద ఎవరో నా వ్యాసం చదువుతుంటే అతనూ విన్నాడట. శోకం దగ్గరకు వచ్చేసరికి తింటున్న అన్నం వదిలేసి లేచి వెళ్లిపోయాడట. ఆ ఇంట్లో ఒక ఆడమనిషి, ఇద్దరు పిల్లలు ఉన్నారట. "ఇతనూ మీరు రాసినతనూ ఒకరేనా?" అని అడిగాడు.

ఆ ఆడమనిషి సంగతి తర్వాత చూద్దాం. డోంగీ బోల్తాపడి, ఏ ఓడవాళ్లో కాపాడి ఒడ్డున దించి ఉంటారు. నీకు కబురు పంపే దారి లేక అక్కడే ఉండిపోయి ఉంటాడు. గవరమ్మా, నువ్వు విధవవు కావు! నేను చేసిన పాడుపనిలోంచి దేవుడు ఇంత మంచి తీశాడు. ఇక మీదట నీ మొహం చూడగలననిపిస్తోంది.

మావారు పది రోజుల్లో మాయాబందర్ ఓడకు నాకు టికెట్టు తీస్తున్నారు. వచ్చి నీ చేతులకు గాజులు నేనే వేస్తాను.

నీ అక్క,
సారా

*

మాయాబందర్,
9 డిసెంబరు 1974

ప్రేమగల దీదీకి,

రాకండి. టికెట్టు వాపసు ఇచ్చేయండి. ఆయన బతికున్నాడని నాకు తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు.

చెప్పే వెళ్లాడు. అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ చెప్పాడు. "అవతల భీమిలి కాడ నాకో మనిసుంది గవరా. రెండేళ్లయినాది. నువ్వు ఎదురు సూడకు. కలప ఓడ లంగరేసుంది, దాన్లో ఎలిపోతన్నాను. డోంగీ మడసెట్ల కాడ క్రీకు పాయలో కట్టేస్తాను, నువ్వుంచుకో." కూరలో ఉప్పు తగ్గిందన్నట్టే చెప్పాడు.

మరునాడు మధ్యాహ్నం, వానలో, నేను క్రీకుకు వెళ్లాను. నీళ్లు వెనక్కి తీస్తున్న వేళ తాడు నా చేత్తోనే విప్పి, డోంగీని సముద్రంలోకి నెట్టాను.

మొగుడు వదిలేసిన ఆడదంటే జెట్టీ మీద అందరికీ అలుసు, అదొకటి. అసలు సంగతి అది కాదు. ఏడుపు గొంతులో పట్టకుండా ఉంది, ఏడవడానికి వీల్లేదు. బతికున్నవాడి మీద శోకం ఎత్తితే వాడి ఆయుష్షు తింటున్నావంటారు. మాకు పాట చచ్చిపోయినవాళ్లకే ఉంది దీదీ. అందుకని ఆయన్ని చంపేశాను. మీరు సముద్రం అని రాసిన సవతి సముద్రం కాదు, ఆ భీమిలి మనిషి. మీరు తీసేసిన తిట్లే అందులో అసలు మాటలు.

మనిషి సముద్రంలో పోతే మూడు రోజులు పడవ నీట దింపకూడదని మా కట్టుబాటు. వెతికేవాళ్లు తప్ప ఎవరూ వెళ్లరు. నా అబద్ధానికి ఇక్కడ ప్రతి ఇల్లూ మూడు రోజులు గంజి తాగింది. బతికున్న మనిషికి గాజులు పగలగొట్టుకున్నాను. మీరు కొంగు కింద రాసుకున్నందుకు తల ఎత్తలేకపోతున్నానన్నారు. నేను నా మొహం ఎక్కడ దాచుకోను?

మీ ఉత్తరం చదివాక ఇంక ఆగలేదు. అప్పయ్యకు తెలిసింది రేపు ఏ ఓడ మీదైనా ఇక్కడికి వస్తుంది. ఎవరో వచ్చి చెప్పేలోగా నేనే చెప్పాలని జోగులు భయ్యా ఇంటికి వెళ్లాను. కాలు పీట మీద పెట్టుకుని వల అల్లుతున్నాడు. అంతా చెప్పాను. అల్లుతున్న వల కింద పెట్టాడు. తర్వాత అన్నాడు.

"నీటి కింద కళ్లు తెరుసుకుని ఎతికినాను గవరా. ఒక్కో రాయీ తడిమినాను. నువ్వు గట్టు మీద కూకుని సూస్తన్నావు."

"అవును భయ్యా, చూస్తున్నాను" అన్నాను.

మళ్లీ వల అందుకున్నాడు. కాళమ్మ నన్ను బయటికి పంపి తలుపు వేసింది. సాయంత్రానికి కాలనీ అంతా తెలిసింది. కుళాయి దగ్గర నేను వెళితే బిందెలు పక్కకు జరుగుతున్నాయి. తప్పేమీ కాదు, జరగనీ. బొట్టు పెట్టుకోవాలో వద్దో తెలియక అద్దం బోర్లించి ఉంచాను.

నిన్న పట్టపగలు, ఎవరూ చావని రోజున, కాళమ్మ వచ్చి నా గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుంది. నా వైపు వీపు పెట్టి కూర్చుంది. లోపలికి రమ్మంటే రాలేదు. "నీతో నాకు మాటల్లేవు. ఆ నల్లామె బతికున్నోడి మీద ఏటని ఏడిసిందో అది సెప్పు సాలు" అంది. మాస్టారు చదివినప్పుడు విన్నదన్నమాట. మీరు రాసినట్టే చెప్పాను. ఒక మాట రెండుసార్లు అంటుందట, మూడోసారి జవాబు చెప్పుకుంటుందట అన్నాను.

ఆమె అయిదేళ్లుగా పలకని కొడుకు పేరు పలికింది. "బంగారూ, ఏ దేశంలో అన్నం తింటన్నావురా" అని రాగం తీసింది. అదే మాట మళ్లీ అంది. మూడోది రాలేదు, గొంతు పూడుకుపోయింది. ఒకరికి గొంతు పోతే పక్కనున్నది అందుకోవాలి, మా ఆడవాళ్ల పద్ధతి అది. అక్కడ ఉన్నదాన్ని నేనొక్కదాన్నే. ఆ ఇంటి మనిషిని కుంటివాణ్ని చేసి, ఆ ఇంటి బిడ్డ పేరు ఏ నోటితో పలకను? తల వంచుకుని చేపలు కోస్తూ ఉండిపోయాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని లేచి వెళ్లిపోయింది.

మళ్లీ వస్తుందో రాదో తెలియదు. వస్తే మాత్రం అందుకోవాలని, పొద్దున్నుంచి ఆ మూడో మాట కోసం వెతుకుతున్నాను. నాకు దొరకడం లేదు. ఆ రికార్డు మళ్లీ పెట్టి వినండి. రైలెక్కి పోయినవాడికి ఆమె మూడోసారి ఏం జవాబు చెప్పిందో తెలుసుకుని రాయండి. నా దగ్గర మీరు తీసుకున్నదానికి, ఆ ఒక్క మాట నాకు పంపండి.

తిట్లుంటే తీసేయకండి.

మీ చెల్లెలు,
గవరమ్మ