ఎండెక్కితే ఆగే మోటారు

మార్చి 18, సాయంత్రం

నర్సంపేట దాటి లోపలికున్న ఈ ఊళ్లో రిపేరుకొచ్చి ఇరుక్కుపోయాను. మా కంపెనీ స్టార్టర్ రోజూ ఎండెక్కగానే బోరు మోటారును ఆపేస్తోందని కంప్లైంట్. మేనేజర్ సారంగపాణి సార్ చెప్పమన్నట్టే, లైన్లో లో వోల్టేజ్ అన్నాను. పొలం సమ్మమ్మది. యాభై ఏళ్లుంటాయి. ఇంతకుముందు వచ్చినవాళ్లూ అదే చెప్పి పోయారట. అరవలేదు. నా స్కూటీ తాళం తీసి కొంగున ముడేసుకుంది.

"నీళ్లు పారినంక పో బిడ్డా. అప్పటిదాంక ఈడనే తిను, ఈడనే పండు."

తిట్టినా బాగుండేది. కోడిగుడ్ల కూర వండింది. వరంగల్‌లో ఉన్న అమ్మకు ఫోన్ చేసి ఫీల్డ్ వర్క్ అని చెప్పాను.

మార్చి 19

పోలీసులను పంపనా అని సార్ ఫోన్లో అడిగారు. వద్దన్నాను. బస్సెక్కి పోవచ్చు కూడా. కానీ వరి పొట్ట మీద ఉంది, కంకి వేసే వేళ, మడి నెర్రెలు బారుతోంది. అది చూశాక కాళ్లు రాలేదు.

మార్చి 20, మధ్యాహ్నం

దొరికింది. పొద్దుటి నుంచి మీటర్ పట్టుకుని స్టార్టర్ పక్కనే కూర్చున్నాను. లైన్ వోల్టేజ్ కదల్లేదు. కదిలింది మా బోర్డులోని రిఫరెన్స్. లైన్లో వచ్చే వోల్టేజ్ ఎక్కువో తక్కువో స్టార్టర్ తేల్చుకునేది దానితో పోల్చే. ఆ రిఫరెన్స్ ఇచ్చేది జీనర్ అనే ఒక రకం డయోడ్. ఇనుప డబ్బా ఎండకు కాలుతుంటే జీనర్ వోల్టేజ్ పెరుగుతుంది. అప్పుడు సరైన లైన్ వోల్టేజ్ కూడా తక్కువగానే కనిపిస్తుంది, మోటారు ఆగిపోతుంది. మామూలు డయోడ్ దీనికి ఉల్టా. వేడికి దాని వోల్టేజ్ తగ్గుతుంది. జీనర్‌తో వరుసగా రెండు డయోడ్లు వేస్తే పెరిగిందీ తగ్గిందీ సరిపోతాయి. కిట్‌లోనే ఉన్నాయి.

ఫోన్ చేసి చెబితే సార్ వద్దన్నారు. ఒక్కదానికి వేస్తే, అమ్మినవన్నీ తప్పని ఒప్పుకున్నట్టేనట. వేస్తే ఉద్యోగం మర్చిపొమ్మన్నారు.

సమ్మమ్మకు అంతా చెప్పేశాను. ఆమె కొంగు ముడి విప్పి తాళం నా చేతిలో పెట్టింది.

"నీ కొలువు పోగొట్టి నేనేం పండిచ్చుకుంట? పో బిడ్డా."

మార్చి 21

పోలేదు. డయోడ్లు వేశాను. వాటితో పెరిగిన రిఫరెన్స్‌ను బోర్డు మీది ప్రీసెట్ స్క్రూ తిప్పి సరిచేశాను.

అదే రోజు, ఎండ దిగాక

డబ్బా మీద చెయ్యి పెట్టలేనంతగా కాలింది. మోటారు ఒక్కసారీ ఆగలేదు. సమ్మమ్మ గట్టు మీద కూర్చుని మడిలోకి వస్తున్న నీళ్లనే చూస్తోంది. బోర్డు ఫోటో సార్‌కు నేనే పంపాను. రేపటి నుంచి రావద్దని మెసేజ్.

మార్చి 22

బయల్దేరుదామని బయటికొచ్చాను. వాకిట్లో ట్రాక్టర్. ట్రాలీ నిండా చుట్టుపక్కల రైతులు విప్పి తెచ్చిన స్టార్టర్లు.

అన్నీ మా కంపెనీవే.