నలుపంటని పళ్ళెం

డిసెంబర్ 9, సోమవారం

రెండో తరగతికి సైన్స్ అంటే బోర్డు మీద పువ్వు బొమ్మ గీసి చేతులు దులుపుకునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ వారం నుంచి ఈ మరాఠీ బడిలో నా క్లాసులో ప్రయోగాలే. పిల్లలే చెయ్యాలి, పిల్లలే చెప్పాలి. హెడ్‌సర్‌ను అడిగితే, నిప్పుతో ఆటలు వద్దు టీచర్ బాయీ, ఏమైనా అయితే పేపర్లో నా ఫోటో పడుతుంది అన్నాడు. పడనివ్వండి సర్, మీ ఫోటో బాగానే వస్తుంది అన్నాను. నవ్వలేదు.

ఇవాళ బకెట్ నీళ్ళలో ఏది తేలుతుంది, ఏది మునుగుతుంది అని చూశాం. బొగ్గు ముక్క మునగగానే ఈలలు వేశారు. వీళ్ళ నాన్నలందరూ బొగ్గు గనుల్లోనో, వ్యాగన్లు నింపే సైడింగ్‌లోనో పనిచేసేవాళ్ళే. బొగ్గు మీద పసివాళ్ళకు కూడా కోపం ఉన్నట్టుంది.

డిసెంబర్ 11

హర్షిత మాట్లాడింది!

జూన్‌లో చేరినప్పటి నుంచి ఆ పిల్ల నోరు విప్పలేదు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఆ రెండింటి మధ్య మాట ఎలా ఇరుక్కుంటుందో నాకు తెలుసు, నేనూ అలాగే చదువుకున్నాను. సీసా మూతికి బెలూన్ తొడిగి వేణ్ణీళ్ళలో పెట్టాం. బెలూన్ లేచి నిలబడింది. గాలి గూడ వేడికి ఉబ్బుతదా మేడం అని తెలుగులోనే అడిగింది. క్లాసంతా వెనక్కి తిరిగి చూసింది. ఆ పిల్లను ఎత్తుకుని తిప్పాలనిపించింది. సాయంత్రం తుకుంలో మా ఇంటి దాకా నడుచుకుంటూ వచ్చాను, ఆటో గుర్తే రాలేదు.

డిసెంబర్ 13, శుక్రవారం

పొగ ప్రయోగం. కొవ్వొత్తి మంట మీద స్టీలు పళ్ళెం పట్టాను. అడుగున నల్లగా మసి. దాన్ని వేలికి రాసుకుని అందరూ మీసాలు దిద్దుకున్నారు, ఆడపిల్లలు కూడా. తర్వాత బడిలో ఖిచిడీ వండే గదికి తీసుకెళ్ళి గ్యాసు మంట మీద ఇంకో పళ్ళెం పట్టాను. అది తెల్లగానే ఉంది. మనం పీల్చే చెడ్డగాలిని పళ్ళెం పట్టిస్తుంది అని చెప్పాను.

నల్లగ కాకుంటే ఆ గాలి మంచిదేనా మేడం అని హర్షిత అడిగింది. ఆఁ, మంచిదే అన్నాను. బెల్లు కొట్టారు.

మీ ఇంటి పొయ్యి మీద కూడా అమ్మతో పళ్ళెం పట్టించి చూసి రండి అని చెప్పి పంపాను.

డిసెంబర్ 16

ఒక్కొక్కరూ లేచి చెప్పారు. కట్టెల పొయ్యి, నలుపు. గ్యాసు, తెలుపు. హర్షితవాళ్ళది బొగ్గుల సిగడి, అంటే కుంపటి. సాయంత్రం వాకిట్లో అంటిస్తారు, పొగంతా పోయి బొగ్గులు ఎర్రబడ్డాక దాని మీద వండుతారు. పొగ ఉన్నప్పుడు పట్టిన పళ్ళెం నల్లగైందట, బొగ్గులు ఎర్రబడ్డాక పట్టింది తెల్లగనే ఉన్నదట. ఎర్రగైనంక మా సిగడి మంచిది మేడం అంది.

రెండుసార్లు చూసింది! ఎవరూ చెప్పకుండానే. అందరితో చప్పట్లు కొట్టించాను.

డిసెంబర్ 18

ఏం చలి ఇది. వేళ్ళు పెన్ను పట్టడం లేదు.

డిసెంబర్ 19, ఉదయం

హర్షిత రాలేదు.

డిసెంబర్ 19, సాయంత్రం 6

వాళ్ళ నాన్న వినాయక్ నైట్ డ్యూటీ దిగి పొద్దున ఇంటికి వచ్చాడట. ఎంత కొట్టినా తలుపు తియ్యలేదట. పగలగొట్టి చూస్తే ఉన్నది ఒక్క గది, మధ్యలో సిగడి, చుట్టూ ముగ్గురూ పడుకునే ఉన్నారు. హర్షితను, తల్లి హేమలతను సర్కారు దవాఖానాలో చేర్చారు. తమ్ముడు తరుణ్ పోయాడు. మూడేళ్ళు.

డిసెంబర్ 20

దవాఖానాకు వెళ్ళాను. హర్షిత పిల్లల వార్డులో ఉందట. హేమలత ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది. నన్ను చూసి లేవబోయింది. ఏటా చలికి సిగడి లోపట పెట్టుకుంటం మేడం, తలుపు మాత్రం ఓరగ తీసి ఉంచుతం, మా అత్తమ్మ చెప్పిపోయిన మాట అది, అంది. మొన్న గాలి బాగ కొట్టింది, పిలగాడు వణికిండు. గప్పుడు పిల్ల పళ్ళెం తెచ్చి పట్టింది. జూడమ్మ తెల్లగున్నది, తలుపు పెడితే ఏం గాదు, మేడం చెప్పింది అన్నది. సదువుకునే పిల్ల గద అని నేను గొళ్ళెం పెట్టిన.

నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

నాకు తెలుసు. ఎర్రటి బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, మసి లేదు. డి.ఎడ్.లో ఆ ప్రశ్నకు నాకు ఫుల్ మార్కులు. మా అమ్మా సిగడి లోపల పెట్టేది, కానీ మా క్వార్టర్‌లో గోడ పైన గాలి పోయే వెంటిలేటర్ ఉండేది. రెండో తరగతికి ఇవన్నీ ఎందుకులే అనుకున్నాను. అబద్ధం. అసలు అనుకోనేలేదు. బెల్లు కొట్టారు, అంతే.

డిసెంబర్ 23

హెడ్‌సర్ కొవ్వొత్తులు, అగ్గిపెట్టె బీరువాలో పెట్టి తాళం వేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. ప్రతి చలికాలం ఎక్కడో ఒకచోట అయ్యేదే బాయీ, మీ ప్రయోగం సంగతి ఎవరూ అడగలేదు, మీరూ ఎత్తకండి అన్నాడు. తల ఊపాను. ఊపాను!

డిసెంబర్ 26

ఎవరూ అడగలేదు కానీ ఆ వాడలో అందరికీ తెలుసట. తమ్ముణ్ణి మింగిన పిల్ల అంటున్నారట హర్షితను. మా ఖిచిడీ వండే తిరుపతమ్మ చెప్పింది, ఆమెదీ ఆ వాడే. పిల్ల ఇంటికి వచ్చింది గాని మాట పడిపోయినట్టున్నది, ఒక మూలకు కూసుంటది అంది.

ఏడేళ్ళ పిల్ల. సరైన ప్రశ్న అడిగింది. తప్పు జవాబు చెప్పింది నేను.

డిసెంబర్ 29, ఆదివారం

వెళ్ళాను. వాకిట్లో చుట్టుపక్కల ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. నిలబడే చెప్పాను. పిల్ల తప్పేం లేదు, నల్లగా కాకుంటే గాలి మంచిదేనా అని అది నన్ను అడిగింది, మంచిదే అన్నాను, పొగ లేని విషం ఉంటుందని నాకు తెలుసు అన్నాను.

తెల్సి గూడ చెప్పలేదా మేడం అని హేమలత అడిగింది.

చెప్పలేదు అన్నాను.

ఆమె లేచి లోపలికి పోయింది. వినాయక్ నా వైపు చూడకుండా, ఇగ పోండ్రి అన్నాడు. హర్షిత గోడకు ఆనుకుని అంతా విన్నది. దానికి ఏం అర్థమైందో తెలియదు. దాని దగ్గరికి పోయే ధైర్యం నాకు లేకపోయింది.

జనవరి 6, సోమవారం

హర్షిత బడికి వచ్చింది. సంచిలోంచి ఆ పళ్ళెం తీసి నా టేబుల్ మీద పెట్టింది. ఇది మీరే ఉంచుకోండ్రి మేడం, దీంట్ల తినేటోళ్ళు ఎవ్వరు లేరు అంది.

చిన్న పళ్ళెం. అంచు మీద గిన్నెల షాపువాడు చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు ఉంది, తరుణ్ అని. తిప్పి చూశాను. అడుగు తెల్లగానే ఉంది.