నువ్వు జేయని నౌకరి

అరేయ్ నవీనూ,

నువ్వు డెంగీ జ్వరంతోని పోయి ఇయ్యాల్టికి ఏడాది. పొద్దుగాల మీ అమ్మ మా ఇంటికొచ్చి, "మావోడు పనిజేసిన కంపెనీ ఒక్కసారి సూపెట్టు బిడ్డా" అన్నది.

నీకు నౌకరి లేదని నాకొక్కనికే ఎరుక. ఆమె కట్టిచ్చిన డబ్బా పట్టుకపోయి సాయంత్రం దాకా కాప్రా చెరువు కట్ట మీద కూసునేటోనివి. "నీ దోస్తును సూసి నేర్సుకో" అని అమ్మ రోజూ అంటుంటే పడలేక అబద్ధమాడిన అన్నవ్. ఆ దోస్తును నేనే గదరా.

ఏం జేయాల్నో తెల్వక, నాచారంల నేను పనిజేసే ఫ్యాక్టరీ గేటే సూపెట్టిన. అమ్మ సీదా వాచ్‌మన్ తాత దగ్గరికి పోయి, సంచిలకెల్లి నీ ఫోటో తీసి, "మా నవీన్ గీడ్నే జేసిండు, ఎరుకనా?" అని అడిగింది. తాత ఫోటో జూసిండు, నా మొహం జూసిండు.

"ఎందుకెరుక లేదమ్మా, మస్తు మంచి పిలగాడు" అన్నడు.

అమ్మ గేటు పట్టుకొని ఏడ్సింది. "గీ మాట నేను వానితోని ఒక్కనాడన్న అనకపోతి" అన్నది.

నేను గూడ అనలేదురా.