బండి ఆపిన మొనగాడు

అక్కా,

పదకొండేళ్ళుగా ఒకే బస్సులో డ్రైవరుగా నేను ముందు, కండక్టరుగా నువ్వు వెనక. మన మధ్య ఉత్తరాల అవసరం ఎప్పుడూ రాలేదు. ఎదురుగా చెప్పే మొహం లేక రాస్తున్నాను. సమ్మె టెంటులో నువ్వు టీ గ్లాసు అందిస్తుంటే తల తిప్పుకుని తీసుకుంటున్నాను.

సమ్మె మొదలైన మూడో రోజున డిపో మేనేజరు కబురు పెట్టాడు. "బండి తీసినవాళ్ళని వచ్చే నెలలో పర్మినెంటు చేసేస్తా" అని, బండి తీస్తానని నాచేత కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. ఇన్నేళ్ళూ టెంపరరీ అనిపించుకున్నవాణ్ణి, ఆ మాటకు పడిపోయాను. మర్నాడు పొద్దున్నే ఇంట్లో కూడా చెప్పకుండా, యూనిఫాం సంచిలో కుక్కుకుని, దొంగలా డిపోకి వెళ్ళాను. జీతం చాలక నువ్వు డ్యూటీ దిగాక పరాయి ఇళ్ళ బట్టలు ఇస్త్రీ చేస్తావని నాకు తెలుసు. నీ మణికట్టు మీద కాలిన మచ్చ ఎలా వచ్చిందో తెలుసు. తెలిసీ వెళ్ళాను.

ఆసుపత్రి స్టాపులో బస్సు ఆపి తలుపులు తెరిచాను. బోలెడు జనం. ఒక్కరూ ఎక్కలేదు. "మీ జీతాలు పెరిగేదాకా నడుస్తాం" అని అట్ట మీద రాసి పట్టుకున్నారు. రోజూ మన బస్సులో కునుకు తీసే నర్సమ్మ చెప్పు తెగి, దాన్ని చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. నేను అద్దంలోకి చూస్తూ కూర్చున్నాను. ఎందుకో తెలుసా? నీ గంట కోసం. నువ్వు తాడు రెండుసార్లు లాగందే నా కాలు క్లచ్ మీంచి లేవదు. వెనక నువ్వు లేవన్న సంగతే తోచలేదు.

ఎంతసేపు అలా ఉన్నానో. ఉన్నట్టుండి నర్సమ్మ, "మన డ్రైవరు బండి ఆపేశాడర్రా! ఇక తియ్యడు!" అని అరిచింది. ఒకటే చప్పట్లు. మందుల షాపాయన కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని, "మొనగాడివయ్యా! కడుపు మాడినా సరే అనుకున్నావు" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అప్పుడు ఇంజను ఆపి దిగాను. ధైర్యం ఉండి కాదక్కా, వాళ్ళ మధ్యలోంచి బండి తోలే ధైర్యం లేక.

ఫొటో పేపర్లో పడింది. ఊరంతా మనవైపు తిరిగింది. షాపులవాళ్ళు టెంటుకి భోజనాలు పంపుతున్నారు. మా ఆవిడ ఆ ఫొటో కత్తిరించి అద్దానికి అతికించింది. గడ్డం గీసుకుంటుంటే పక్కన ఆ మొనగాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాను. రేపటి సభలో నన్ను స్టేజీ ఎక్కిస్తారట. నిజం చెప్పేస్తే నాకు తేలికవుతుంది గానీ, జనం మనందరినీ ఛీ కొడితే? ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు.

నీ తమ్ముడు

* * *

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరంలో నాకు కొత్తగా తెలిసింది మేనేజరు వేసిన ఎర ఒక్కటే. "స్టాపులో బండి పెట్టి కదల్లేదట" అని కబురు రాగానే, "వాడి మొహం, నా గంట కోసం కూర్చుని ఉంటాడు" అన్నాను. టెంటులో అందరి ముందే అన్నాను. ఒక్కరూ నవ్వలేదు.

డిపోలో ఉండాల్సిన బస్సు ఆసుపత్రి దాకా ఎందుకొచ్చిందో మాకు అర్థం కాదా, వెర్రివాడా? నిన్ను నాలుగు తన్నాలని లేచారు. నేనూ లేచాను. పెద్ద మెకానిక్కు మమ్మల్ని కూర్చోబెట్టాడు. "వీడిలాగే బండి తీస్తామని డిపోకి వెళ్ళినవాళ్ళు ఇంకా ఆరుగురున్నారు. వీణ్ణి కొడితే వాళ్ళు అక్కడే ఉండిపోతారు. వీడికి చప్పట్లు కొట్టండి, వాళ్ళూ వస్తారు" అన్నాడు. నువ్వు టెంటుకి రాగానే పళ్ళు బిగబట్టి కొట్టాం. నలుగురు వచ్చారు. ఇంకా ఇద్దరున్నారు.

నాకు కోపం తగ్గలేదు. రేపు మైకు ఇస్తే మన జీతాల గురించి మాట్లాడు, నీ గురించి వద్దు. సమ్మె ముగిశాక నర్సమ్మ ఇంటికీ, మందుల షాపుకీ నువ్వే వెళ్ళి నిజం చెప్పుకో. తోడు నేనొస్తాను.

స్టేజీ మీద తల దించుకుని నిలబడు. జనం వినయం అనుకుంటారు. మనవాళ్ళం సిగ్గు అనుకుంటాం. చప్పట్లు మాత్రం అందరం కొడతాం.

అక్క