స్టాండులో వరస

కర్నూలు, ఆదివారం రాత్రి

ఒకప్పటి రాజధానిని ఇప్పుడెవరూ పట్టించుకోరు. ఇక్కడే గది తీసుకుని చుట్టుపక్కలంతా తిరుగుదామని మనవరాలు సింధును నేనే తీసుకొచ్చాను. పొద్దున బెలుం గుహలకని కార్ల స్టాండుకు వెళ్లాం. శుభ్రంగా ఉందని చివరి కారులో కూర్చున్నాను.

"నాది కాదవ్వా వరస. వరసలో ముందున్న బండి ఎక్కండి," అన్నాడు డ్రైవరు మస్తాను. ఎక్కినదాన్ని దిగడమేమిటని నేను కదలలేదు.

ముందు బండివాడు వచ్చి అతన్ని కాలరు పట్టి బయటికి లాగాడు. "వరస తప్పేంత పొగరా అప్పా నీకు?" అంటూ ఇనుప రాడ్డుతో చేతిమీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. అడ్డం పోతే నన్నూ తోశాడు.

ఆసుపత్రిలో మస్తాను, "పోలీసులకు చెప్పొద్దవ్వా. నేను ఆ స్టాండులోనే బతకల్ల," అన్నాడు.

సాయంత్రం కొట్టినవాడే లాడ్జికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "రేపు మీరు యాగంటికి పోతారని కింద లాడ్జిలో చెప్పినారు. నాదే వరసవ్వా. పొద్దున్నే బండి పెడతా."

"ఆ చేతి కట్టు విప్పేదాకా నీ వరస మస్తానుదే. బండి నువ్వు తోలు, బాడుగ ఆయప్పకియ్యి. లేకుంటే చూసింది చూసినట్లు స్టేషన్లో చెప్తా," అన్నాను.

అతను మెట్లు దిగిపోయాడు. అతని కారు మాత్రం ఇంకా లాడ్జి ముందే ఉంది; నా మాటకు ఒప్పుకున్నాడో, మమ్మల్ని కాపు కాస్తున్నాడో తెలియదు. కిటికీ దగ్గరికి పోవద్దంటే సింధు వినడం లేదు.